రీస్టోర్ చేసిన పాత అంబాసిడర్‌కు మీటర్ చూసి ఎక్కువ ధర ఇవ్వాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇదీ. రాజమండ్రిలో ఒక డాక్టరుగారి కుటుంబం దగ్గర 1969 మోడల్ అంబాసిడర్ మార్క్ 2 ఉంది. రెండేళ్ల క్రితం పూర్తిగా రీస్టోర్ చేయించారు. మీటర్‌లో 38 వేల చిల్లర కిలోమీటర్లు చూపిస్తోంది. "ఇవి ఒరిజినల్ కిలోమీటర్లు, డాక్టరుగారు ఆస్పత్రికి, గుడికి తప్ప బయటికి తీయలేదు" అని మామూలు రేటు మీద లక్షన్నర ఎక్కువ అడుగుతున్నారు. ఇవ్వొచ్చా అన్నది మీ మొదటి ప్రశ్న. బండి కొన్నాక మీటర్ సున్నా చేయించుకోమని మీ మెకానిక్ అంటున్నాడు, చేయించాలా అన్నది రెండోది.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ అంకె చూసి లక్షన్నర ఎక్కువ ఇవ్వకండి. మీటర్‌ను మాత్రం ముట్టుకోకండి. ఈ రెండూ ఎందుకో తెలియాలంటే కాస్త ఓపిగ్గా చదవాలి.

నేను 1991లో సికింద్రాబాద్‌లో ఒక షెడ్డులో హెల్పర్‌గా చేరాను. అప్పటినుంచి అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు, విల్లీస్ జీపులు, వీటితోనే నా బతుకు. ఇన్నేళ్లలో "తక్కువ తిరిగిన బండి" అన్న మాట విననివారం లేదు. ఆ మాట తప్పు అనడం లేదు. అది ఏ బండికి వర్తిస్తుంది, ఏ బండికి వర్తించదు అన్నదే అసలు సంగతి. మనం సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మీటర్ ఎందుకు చూస్తాం? లోపలి భాగాలు ఎంత అరిగాయో విప్పి చూడలేం కాబట్టి, ఎంత తిరిగిందో చూసి అరుగుదలను అంచనా వేస్తాం. పూర్తిగా రీస్టోర్ చేసిన బండిలో ఆ అరిగిన భాగాలే లేవు. పిస్టన్లు కొత్తవి, బుష్‌లు కొత్తవి, వైరింగ్ కొత్తది, సీటు రెగ్జిన్ కొత్తది, పెయింట్ కొత్తది. 38 వేల కిలోమీటర్లు తిరిగిన వస్తువులు షెడ్డువాడి తుక్కు డ్రమ్ములోకి వెళ్లాయి. అంకె ఒక్కటే బండిలో మిగిలింది.

తక్కువ కిలోమీటర్లకు నిజంగా విలువ ఎక్కడుంటుందో ఒక బండి చూసి నాకు బాగా తెలిసింది. పదేళ్ల కిందట తెనాలి దగ్గర ఒక ఊళ్లో 1966 ఫియట్ 1100 డిలైట్ చూడటానికి వెళ్లాను. పాత ధాన్యపు కొట్టులో, మీద రెండు దుప్పట్లు కప్పి ఉంచారు. కంపెనీ వేసిన లేత రంగు పెయింట్ అలాగే ఉంది, చాలాచోట్ల మెరుపు పోయింది. డ్రైవర్ వైపు తలుపు హ్యాండిల్ వెనక, వేళ్లు పెట్టి లాగే చోట, గోళ్లు తగిలి తగిలి ఒక అంగుళం మేర పెయింట్ పోయి ప్రైమర్ కనిపిస్తోంది. బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలు ఇంకా వేలికి గరుగ్గా తగులుతున్నాయి. క్లచ్ పెడల్ రబ్బరు ఎడమ అంచు మాత్రం కొంచెం నునుపెక్కింది. వెనక సీటు మీద ఎవరూ పెద్దగా కూర్చున్నట్టు లేదు, స్ప్రింగులు బిగువుగా ఉన్నాయి. ముందు సీటులో డ్రైవర్ కూర్చునే చోట చిన్న గుంట. మీటర్‌లో 26 వేలు. అరలో ఓనర్ పుస్తకం, అందులో వాడగా మిగిలిన సర్వీస్ కూపన్లు. అక్కడ మీటర్ చెప్పిన మాటనే పెడల్ చెబుతోంది, సీటు చెబుతోంది, తలుపు చెబుతోంది. అన్నీ ఒకే మాట చెబితే అది సాక్ష్యం.

ఆ బండి ఓనర్లైన అన్నదమ్ములు "రీస్టోర్ చేసి ఇస్తారా" అని అడిగారు. వద్దన్నాను. బ్రేకులు, పెట్రోల్ ట్యాంకు, రబ్బరు పైపులు, టైర్లు, వైరింగ్‌లో ఎలకలు కొరికిన రెండు చోట్లు, ఇంతవరకే చేశాం. పెయింట్ జోలికి పోలేదు. షెడ్డు నడిపేవాడిగా నాకు పెద్ద పని పోయినట్టే, కానీ ఆ బండికి పెయింట్ కొట్టి ఉంటే ఆ గోటి గీతలు పోయేవి, వాటితోపాటే 26 వేలు అన్న మాటకు ఉన్న రుజువు పోయేది. అలాంటి బండికి మీటర్ చూసి ఎక్కువ ఇవ్వండి అని నేనే చెబుతాను.

మీరు చూస్తున్న అంబాసిడర్ అలాంటిది కాదు. దాన్ని ఇనుము బయటపడేదాకా గీకి పెయింట్ వేశారని మీరే రాశారు. ఆ పని ఎంత బాగా చేస్తే మీటర్ మాటకు సాక్ష్యం అంత తక్కువ మిగులుతుంది. వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు నా ఉద్దేశం. నిజమే చెబుతున్నా, దాన్ని నిరూపించే దారిని రీస్టోరేషన్ మూసేసింది. నిరూపించలేని విషయానికి మీరు లక్షన్నర పెడితే, రేపు మీరు అమ్మేటప్పుడు ఎదుటివాడు ఆ లక్షన్నర మీకు ఇవ్వడు.

ఇక మీటర్ సంగతి. ఆ కాలపు బండ్లలో గేర్‌బాక్స్ దగ్గర నుంచి డాష్‌బోర్డు దాకా ఒక కేబుల్ వస్తుంది. దాని లోపల మెలితిప్పిన ఉక్కు తీగ బండి చక్రాలతో పాటు తిరుగుతూ ఉంటుంది. మీటర్ లోపలి పళ్లచక్రాలు ఆ తిరుగుళ్లను లెక్కపెట్టి అంకెలను ముందుకు జరుపుతాయి. అంతే దాని పని. టైరు సైజు మారితే లెక్క తప్పుతుంది. అంబాసిడర్‌కు పాత సైజు 5.90-15 టైరు. దాని బదులు చుట్టుకొలత నూటికి మూడు వంతులు తక్కువున్న టైరు వేస్తే మీటర్ నూటికి మూడు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఇది చిన్న తేడా. పెద్ద తేడా కేబుల్ తెగినప్పుడు వస్తుంది. ముల్లు సున్నా దగ్గర పడుకుంటుంది, అంకె ఆగిపోతుంది, బండి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పాత రోజుల్లో కేబుల్ తెగితే వెంటనే వేయించినవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి అలాగే నడిపిన ట్యాక్సీలు, జీపులు లెక్కలేనన్ని చూశాను. మీటరే పాడైతే రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో వేరే బండిలోంచి తీసిన పాత మీటర్ కొని బిగించేవాళ్లు. అప్పుడు కనిపించేది ఆ రెండో బండి తిరిగిన కిలోమీటర్లు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ బండ్లలో చాలావాటికి ఐదంకెల మీటర్. 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. కాబట్టి మీరు చూసిన 38 వేలు 38 వేలే కావచ్చు, లక్షా 38 వేలు కావచ్చు, రెండు లక్షల 38 వేలు కావచ్చు. ఎవరూ మోసం చేయకుండానే ఇది జరుగుతుంది. ఇంకో చిన్న మాట, బ్రిటన్ నుంచి వచ్చిన పాత మోరిస్, ఆస్టిన్ లాంటి బండ్లలో మీటర్ మైళ్లలో ఉంటుంది. 40 వేలు అని ఉంటే 64 వేల కిలోమీటర్లు అని లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు మీ బండికి ఒక చిన్న లెక్క చూద్దాం. డాక్టరుగారు ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి, మధ్యలో ఒకరిద్దరు రోగుల ఇళ్లకు, రోజుకు 20 కిలోమీటర్లు అనుకుందాం. ఏడాదికి 300 రోజులు. 6 వేల కిలోమీటర్లు అయింది. అంటే 38 వేలు పూర్తవడానికి ఆరేళ్లు చాలు, 1975, 76 నాటికి ఆ అంకె దాటిపోవాలి. కాకినాడ పెళ్లికో, అన్నవరమో, తిరుపతో ఒక్కసారైనా వెళ్లి ఉంటారు కదా, అవి కలపనే లేదు. 38 వేలు నిజమైతే ఆ బండి నలభై ఏళ్లకు పైగా కదలకుండా ఉండి ఉండాలి. ఉండకూడదని లేదు. డాక్టరుగారు పోయాక పిల్లలు వేరే కార్లు కొనుక్కుని దీన్ని మూలన పెట్టి ఉండవచ్చు. అయితే ఎప్పుడు ఆపారు, ఎక్కడ పెట్టారు, ఎన్నేళ్లు స్టార్ట్ చేయలేదు అన్నది మీరు అడిగి తెలుసుకోవాలి. జవాబు గడగడా వస్తే నమ్మకం పెరుగుతుంది.

పైగా కదలకుండా ఉన్న బండి అంటే అరగని బండి అని సంతోషపడటానికి లేదు. గోదావరి పక్కన ఆ తేమలో నిలబడిపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, బ్రేక్ సిలిండర్లు పట్టేస్తాయి, రబ్బరు సీళ్లు గట్టిపడి చిట్లుతాయి, పిస్టన్ రింగులు బోరుకు, అంటే పిస్టన్ ఆడే గొట్టానికి, అతుక్కుపోతాయి. రోజూ తిరిగిన ట్యాక్సీ ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కు అందుకుంటుంటే, ఇరవై ఏళ్లు కప్పిపెట్టిన ఇంజిన్ విప్పితే బోరు నిండా తుప్పు గుంటలు చూశాను. అందుకే నాకు ఎవరైనా "తక్కువ తిరిగింది" అని చెబితే వెంటనే "ఎక్కడ నిలబెట్టారు" అని అడుగుతాను.

ఒక అనుభవం చెబుతాను, మీకు పనికొస్తుంది. 2007లో ఒక అంబాసిడర్ షెడ్డుకు వచ్చింది. కొన్నాయన బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యారు. 52 వేల ఒరిజినల్ కిలోమీటర్లు, ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదు అని చెప్పి అమ్మారట. పొగ ఎక్కువ వస్తోందని హెడ్, అంటే ఇంజిన్ పై మూత, విప్పాం. పిస్టన్ తల మీద పేరుకున్న మసిని బ్లేడుతో మెల్లగా గీకి, పెట్రోల్ గుడ్డతో తుడిచాను. లోపల నుంచి "40" అన్న అంకె బయటపడింది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ బోరు అరిగితే లేత్‌లో బోరింగ్ చేసి కొంచెం పెద్ద పిస్టన్ వేస్తారు. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 10, 20, 30, 40 అని సైజులుంటాయి. 40 దాటితే చాలామంది బోరులో స్లీవ్ అనే కొత్త గొట్టం కొట్టిస్తారు. ఆ పిస్టన్ 40 సైజుది. ఎప్పుడూ విప్పని ఇంజిన్‌లో 40 సైజు పిస్టన్ ఎలా ఉంటుంది? తుప్పు గుంటలు పోవడానికి ఒకేసారి 40కి వెళ్లారేమో అని ఆయన ఆశగా అడిగారు. అది నిజంగా జరుగుతుంది, కాబట్టి క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, కూడా చూద్దాం అన్నాను. క్రాంక్ నిలబడి ఉంటే అరగదు, తిరిగితేనే అరుగుతుంది. బేరింగ్ షెల్ తీసి వెనక్కి తిప్పితే 30 అండర్‌సైజు. అంటే క్రాంక్ కూడా అరిగితే గ్రైండింగ్ చేసి సన్నం చేశారు. ఆ ఇంజిన్ చాలా తిరిగింది. ఆయన ఆ షెల్‌ను చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నారు. పెన్షన్ డబ్బులో కొంత తీసి కొనుక్కున్న బండి అది. బండి మంచిదే, ఇప్పటికీ నడుస్తోంది. కానీ లేని విషయానికి డబ్బు కట్టానన్న బాధ ఆయనకు పోలేదు.

మీకు దీనివల్ల ఉపయోగం ఏమిటంటే, రెండేళ్ల క్రితం ఇంజిన్ చేయించారు కాబట్టి లేత్ బిల్లు ఉండాలి. ఏ సైజు పిస్టన్ తీశారు, ఏ సైజు వేశారు, క్రాంక్ ఎంతకు గ్రైండ్ చేశారు, ఇవి అడగండి. స్టాండర్డ్ సైజు, అంటే కంపెనీ వేసిన అసలు సైజు, పిస్టన్లు బయటికి తీశారంటే, క్రాంక్ కూడా స్టాండర్డ్‌లోనే ఉందంటే, 38 వేలు అన్న మాటకు నేను చెవి ఒగ్గుతాను. మంచి ఓనర్లు తీసిన పాత పిస్టన్లను ఒక డబ్బాలో దాచి ఉంచుతారు. ఉంటే చూపించమనండి.

కిలోమీటర్లు, విలువ రెండూ వేరు వేరు దారుల్లో పోగలవని చెప్పడానికి బయటి దేశం నుంచి రెండు బండ్ల సంగతి గుర్తొస్తుంది. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో 1957లో ఒక కొత్త ప్లిమత్ బెల్వెడేర్‌ను కాంక్రీట్ గదిలో పూడ్చిపెట్టి, సరిగ్గా 50 ఏళ్లకు 2007లో తీశారు. షోరూమ్ బండి, తిరిగిందే లేదు. లోపలికి నీళ్లు చేరి మొత్తం తుప్పు ముద్ద అయింది. ఇంకోవైపు ఇర్వ్ గోర్డన్ అనే స్కూలు టీచర్ 1966లో కొన్న వోల్వో పీ1800ను 2013 నాటికి 30 లక్షల మైళ్లు తిప్పారు. అంత తిరగడమే దానికి పేరు తెచ్చింది, ప్రతి మైలుకూ ఆయన దగ్గర లెక్క ఉంది కాబట్టి. మన హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది కదా, నిజాంల కోసం తయారైనది. అది ఇన్నేళ్లలో తిరిగింది కొన్ని వందల మైళ్లే అంటారు. కానీ దాని ముందు నిలబడిన ఎవరికీ మీటర్ మీదికి చూపు పోదు.

మరి రీస్టోర్ చేసిన అంబాసిడర్‌కు ధర ఎక్కడి నుంచి వస్తుంది? నా లెక్కలో మొదటిది ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలవడం. అంబాసిడర్లలో పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ వేసినవి చాలా ఉన్నాయి. తర్వాత మళ్లీ ఎక్కడి నుంచో పెట్రోల్ ఇంజిన్ తెచ్చి వేసి "ఒరిజినల్" అని అమ్మినవీ ఉన్నాయి. మీరు చూస్తున్న బండిలో పుట్టినప్పటి ఇంజిన్ ఉంటే, అది లక్షన్నర కంటే విలువైన మాట.

రెండోది ఇనుము. అంబాసిడర్‌కు జీపులా విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీయే ఛాసిస్. అందుకని కింద ఫ్లోర్ కుళ్లితే బండి వెన్ను కుళ్లినట్టే. టింకరింగ్, అంటే రేకు పని, ఎలా చేశారన్నది పెయింట్ కింద దాక్కుంటుంది. మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్లి తలుపుల కింది అంచులు, వెనక మడ్‌గార్డ్ కింది భాగం, డిక్కీ అడుగు, వీటి మీద పెట్టి చూడండి. మంచి రేకు మీద టక్కున పట్టుకుంటుంది. లప్పం మందంగా పూసినచోట జారిపోతుంది. ముందు కార్పెట్ ఎత్తి, కాళ్లు పెట్టే చోట వెల్డింగ్ అతుకులు ఎలా ఉన్నాయో టార్చ్ వేసి చూడండి. అతుకు ఉండటం తప్పు కాదు, యాభై ఏళ్ల బండి. అతుకును తారు పూసి దాచేశారా, శుభ్రంగా రేకు కోసి కొత్త రేకు వేశారా అన్నదే తేడా.

మూడోది, రీస్టోరేషన్ చేస్తున్నప్పుడు తీసిన ఫొటోలు. ఈ రోజుల్లో ఫోన్ లేని మనిషి లేడు, పని చేయించినవాళ్లు తప్పకుండా తీసి ఉంటారు. పాత పెయింట్‌తో ఉన్న ఫొటో, గీకాక ఇనుము కనిపించే ఫొటో, ఇంజిన్ విప్పిన ఫొటో, ఈ మూడు చూపిస్తే మీరు ఎంతో ధీమాగా కొనొచ్చు. చూపించలేకపోతే ఎందుకని అడగండి.

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన టూ వీలర్లు, ఫోర్ వీలర్లకు ఇది వర్తిస్తుంది. మీ 1969 బండి ఆ వయసు దాటింది. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులు చేసి ఉండకూడదు అన్నది షరతు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కు 5 వేలు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత "వీఏ" అని వస్తుంది. చూడండి, ఇక్కడ కూడా బరువంతా అసలు రూపం మీదే పెట్టారు. ఒక్క జాగ్రత్త, వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తే బండిని రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్ పోయించుకోవడం, రిపేర్లు, ఇలాంటివాటికే. మీరు ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని తిప్పాలనుకుంటున్నానని రాశారు, అందుకని మామూలు ఆర్‌సీ చెల్లుబాటులో ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇక రెండో ప్రశ్న, మీటర్ సున్నా చేయించడం. మీ మెకానిక్ చెడ్డ ఉద్దేశంతో చెప్పి ఉండడు. అన్నీ కొత్తగా వేశాం, బండి మళ్లీ పుట్టింది, సున్నా నుంచి లెక్కపెడదాం అన్న సరదా చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. 1998లో ఒక కస్టమర్ అడిగితే ఆయన ఫియట్ మీటర్ విప్పి ఐదు అంకెలూ సున్నాకు తెచ్చి ఇచ్చాను. ఆయన ఎంతో సంబరపడ్డారు, షెడ్డు అంతా స్వీట్లు పంచారు. పదేళ్ల తర్వాత ఎవరో కుర్రాడు అదే బండి తీసుకుని నా దగ్గరికే వచ్చాడు. మూడు చేతులు మారి అతని దగ్గరికి వచ్చింది. "అన్నా, చూడు, 9 వేల కిలోమీటర్లే తిరిగింది, వాళ్ల తాత కొని దాచుకున్నాడంట" అని మురిసిపోతూ మీటర్ చూపించాడు. ఆ సున్నాలు తిప్పింది నా చేతులే. అతనికి నిజం చెప్పాను. చాలా ఎక్కువ పెట్టి కొన్నాడు పాపం. మొదటి ఓనర్ అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు, కానీ మీటర్ మాత్రం అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి మా షెడ్డులో ఎవరు అడిగినా మీటర్ అంకె మార్చం. పాడైతే బాగుచేస్తాం. మార్చక తప్పకపోతే పాత అంకె ఎంత, కొత్త మీటర్ ఎంత దగ్గర మొదలైంది, తేదీతో బిల్లు మీద రాసి, పాత మీటర్‌ను ఓనర్ చేతికే ఇస్తాం.

మీరు కూడా అలాగే చేయండి. కొన్న రోజు మీటర్ ఫొటో తీసి, ఒక నోటుపుస్తకంలో "రీస్టోరేషన్ తర్వాత ఇక్కడి నుంచి" అని రాసుకోండి. సున్నా చేయించి మీరు పొందాలనుకున్న లెక్క పుస్తకంలో దొరుకుతుంది, బండి పాత చరిత్రా చెడదు. పైగా అంకె మార్చిన బండిని ఆ మాట చెప్పకుండా అమ్మితే అది మోసం కిందికే వస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు పాత మస్టాంగ్‌లు కొంటూ నన్ను ఇదే అడుగుతుంటారు, వాళ్లకు కూడా ఒక మాట. అక్కడ మోసం చేయడానికి మీటర్ తిప్పడం 1972 నుంచి ఫెడరల్ చట్టానికి విరుద్ధం. అయినా 2010, అంతకుముందు మోడల్ బండ్లకు అమ్మేటప్పుడు మీటర్ రీడింగ్ ధృవీకరించి రాయాల్సిన పని లేదు. అందుకే పాత బండి టైటిల్ (యాజమాన్య పత్రం) మీద "ఎగ్జెంప్ట్", అంటే మినహాయింపు, అని కనిపిస్తే, మీటర్ సరైనదని ఎవరూ పూచీ పడలేదు అని అర్థం చేసుకోవాలి.

మీ బేరానికి వస్తే, నేనైతే ఇలా వెళ్తాను. ముందు బండిని మీటర్ లేని బండి అనుకుని చూసి ధర కడతాను. నంబర్లు కలిశాయి, ఇనుము బాగుంది, ఫొటోలున్నాయి, స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు వదులు లేకుండా పడుతోంది అంటే మంచి రేటే ఇస్తాను. ఆ పైన పాత సర్వీస్ పుస్తకం, కిలోమీటర్లు రాసి ఉన్న పాత బిల్లులు, స్టాండర్డ్ సైజు చూపించే లేత్ బిల్లు, ఇవి ఉంటే ఇంకో పదో వంతు దాకా కలుపుతాను. అంతకు మించి కలపను. కాగితం ఒక్కటీ లేకుండా మాట మీదే అయితే రూపాయి కూడా కలపను. ఈ మాట వాళ్లకు మర్యాదగా చెప్పండి. డాక్టరుగారి మీద వాళ్లకున్న గౌరవం ఆ బండితో ముడిపడి ఉంటుంది, "మీ మీటర్ తప్పు" అంటే నొచ్చుకుంటారు. "కాగితాలు చూపించండి, దానికి తగ్గట్టు ఇస్తాను" అంటే ఎవరికీ కష్టం ఉండదు. మీటర్ చుట్టూ ఉన్న రింగు, దాని స్క్రూలు కూడా ఒకసారి చూడండి. స్క్రూడ్రైవర్ జారిన గీతలు, వరస తప్పిన అంకెలు కనిపిస్తే ఎప్పుడు విప్పారో అడగండి. కేబుల్ బాగుచేయడానికే విప్పి ఉండవచ్చు, తొందరపడి నిందించకండి.

వచ్చే ఆదివారం వెళ్తున్నానన్నారు. శనివారం రాత్రే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే మాటల్లో పడకుండా బానెట్ మీద చేయి వేయండి. చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయమనండి. మీరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడి మొదటి రెండు నిమిషాలు పొగ రంగు చూడండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే రెండేళ్ల క్రితం చేసిన ఇంజిన్ పని సరిగా జరగలేదు, అప్పుడు బేరం లక్షన్నర దగ్గర కాదు, ఇంజిన్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. లేత్ బిల్లు దొరికితే ఫొటో తీసి పంపండి, అందులో సైజులు చూసి చెబుతాను.